పాత వీడియో గేమ్‌లు, కొత్త టీవీలు: చవక అడాప్టర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

పీఎస్2 (ప్లేస్టేషన్ 2), నింటెండో వీ, సెగా, ఒకప్పుడు మన ఊళ్లలో మీడియా, సమురాయ్ పేర్లతో అమ్మిన క్యాసెట్ గేమ్‌లు అన్నీ పిక్చర్ ట్యూబు టీవీల కాలానివి. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీకి వీటిని కలపడం కష్టమేమీ కాదు. కాకపోతే చవక అడాప్టర్ తనకు అందిన సిగ్నల్‌ను మార్చి ఇస్తుందే గానీ, అందులో లేని వివరాన్ని పుట్టించలేదు. అందుకే ఏ అడాప్టర్ కొనాలో చూసేకంటే ముందు మీ గేమ్ పెట్టె నుంచి ఏ సిగ్నల్ బయటికి వస్తోందో చూడాలి.

అసలు అడాప్టర్ అవసరమా? టీవీకే నేరుగా పెట్టలేమా?

చాలాసార్లు పెట్టొచ్చు. డబ్బు ఖర్చు పెట్టకముందే టీవీ వెనక, పక్కన టార్చి వేసి చూడండి. మన దగ్గర అమ్మే టీవీల్లో ఏవీ ఇన్‌పుట్ ఇంకా కనిపిస్తూనే ఉంది, కాకపోతే మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది, పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు మూడూ విడివిడిగా ఉండటం. రంగుకు రంగు కలిపితే సరిపోతుంది.

రెండోది, పసుపు సాకెట్ కనిపించదు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు మాత్రం ఉంటాయి. ఆకుపచ్చ సాకెట్ చుట్టూ సగం పసుపు గీత గానీ, పక్కన ‘వీడియో’ అన్న మాట గానీ ఉంటే పసుపు పిన్నును అందులోనే పెట్టాలి. తర్వాత సోర్స్ మెనూలో కాంపోనెంట్ (బొమ్మను ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు మూడింటి ద్వారా తీసుకునే పద్ధతి) కాకుండా ఏవీని ఎంచుకోవాలి. కాంపోనెంట్‌లోనే ఉంచితే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది.

మూడోది, హెడ్‌ఫోన్ రంధ్రంలాంటి చిన్న 3.5 మిల్లీమీటర్ల జాక్, పక్కన ‘ఏవీ ఇన్’ అని ఉంటుంది. దీనికి నాలుగు భాగాల పిన్ను ఉన్న ప్రత్యేక వైరు కావాలి. టీవీ పెట్టెలో వచ్చిన వైరే వాడండి. పైకి ఒకేలా కనిపించినా, పాత క్యామ్‌కార్డర్ల వైర్లలో వీడియో ఒక భాగంలోను, టీవీ వైర్లలో ఇంకో భాగంలోను ఉంటుంది. తప్పు వైరు పెడితే స్పీకర్లలో బుర్రుమనే మోత వస్తుంది, బొమ్మ రాదు. అలా వస్తే పసుపు పిన్నును తీసి ఎరుపు, తెలుపు పిన్నుల స్థానాల్లో పెట్టి చూడండి. గ్రౌండ్ స్థానం కూడా మారిపోయిన వైరు అయితే ఈ ఉపాయం పనిచేయదు, సరైన వైరు కొనాల్సిందే.

టీవీకి ఏవీ ఉంటే, ఆ సాకెట్‌తో వచ్చే బొమ్మ అయిదు వందల రూపాయల డబ్బాతో వచ్చే బొమ్మకు ఏమాత్రం తీసిపోదు. తరచూ అంతకంటే బాగుంటుంది కూడా.

ఆన్‌లైన్‌లో ఒకేలాంటి డబ్బాలు రెండు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి?

‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ కొనాలి. ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ సరిగ్గా దానికి ఎదురు పని చేస్తుంది, కొత్త సెట్‌టాప్ బాక్సును పాత టీవీకి కలపడానికి అది. రెండింటి డబ్బా, రంగు, ధర దాదాపు ఒకటే కావడంతో తప్పుదే కొనేవాళ్లు చాలామంది. డబ్బా మీద చూడండి: మూడు రంగుల సాకెట్ల వైపు ‘ఇన్‌పుట్’, హెచ్‌డీఎంఐ వైపు ‘ఔట్‌పుట్’ అని ఉండాలి. హెచ్‌డీఎంఐ వైరు చాలావాటికి విడిగా కొనుక్కోవాలి.

రెండు చివర్లా ఒట్టి పిన్నులే ఉండి, మధ్యలో ఏ డబ్బా లేని ‘ఏవీ నుంచి హెచ్‌డీఎంఐ వైరు’ మాత్రం కొనకండి. ఒకటి అనలాగ్, ఇంకోటి డిజిటల్. మధ్యలో మార్చే చిప్ లేకుండా బొమ్మ రావడం సాధ్యం కాదు.

ఏ వరసలో కలపాలి?

అన్నీ ఆపి ఉంచండి. మన ఇళ్లలో రెండు పిన్నుల ప్లగ్గులు ఎక్కువ కాబట్టి గ్రౌండ్ అందక, పరికరాల లోహపు భాగాలు ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటుంది. కరెంటు ఉండగా పిన్నులు పెట్టడం, తీయడం వల్ల టీవీ పోర్టు దెబ్బతినే అవకాశం ఉంది. గేమ్ పెట్టెను, టీవీని ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది, స్పీకర్ల గుయ్యిమనే మోత కూడా తగ్గుతుంది.

ముందు మూడు పిన్నులు అడాప్టర్‌కు, తర్వాత హెచ్‌డీఎంఐ వైరు టీవీకి, ఆపైన అడాప్టర్‌కు 5 వోల్టుల కరెంటు. టీవీ ఆన్ చేసి సరైన హెచ్‌డీఎంఐ సోర్స్ ఎంచుకోండి. ఈ డబ్బాల్లో చాలావరకు గేమ్ ఆన్ చేయకపోయినా నీలం తెరో నల్ల తెరో చూపిస్తాయి. అది కనబడితే అడాప్టర్ నుంచి టీవీ దాకా అంతా బాగున్నట్టే. చివరగా గేమ్ ఆన్ చేయండి. ఇప్పుడూ బొమ్మ రాకపోతే లోపం గేమ్ వైపే ఉంది.

బొమ్మ మసకగా, అంచుల్లో గీతలు గీతలుగా వస్తోంది. అడాప్టర్ పాడైందా?

పాడవలేదు. చవక డబ్బాలన్నింటికీ ఉన్న పెద్ద లోటు ఇదే, దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

పిక్చర్ ట్యూబు టీవీ మామూలు ప్రసారాన్ని సగం సగంగా గీసేది: ఒకసారి బేసి గీతలు, మరుసారి సరి గీతలు. ఈ పద్ధతిని 480ఐ అంటారు, మన దేశంలా పాల్ అనే టీవీ పద్ధతి పాటించిన దేశాల్లో 576ఐ. నింటెండో ఫామికామ్, సూపర్ నింటెండో, సెగా మెగా డ్రైవ్‌లాంటి పాత యంత్రాలు దీన్ని పాటించలేదు. ప్రతిసారీ అవే గీతల మీద కొత్త బొమ్మ గీసేవి, సెకనుకు 60 పూర్తి బొమ్మలు. దీన్ని 240పీ అంటారు. పిక్చర్ ట్యూబుకు ఈ తేడాతో పని లేదు, వచ్చింది వచ్చినట్టు గీస్తుంది.

చవక డబ్బాలోని చిప్ మాత్రం 240పీని గుర్తుపట్టదు. దాన్ని 480ఐ అనుకొని, వరసగా వచ్చిన రెండు వేరువేరు బొమ్మలను ఒకే బొమ్మలోని రెండు సగాలుగా భావించి కలిపేస్తుంది. దాంతో కదిలే పాత్రల అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి, నిలబడి ఉన్న అక్షరాలు సన్నగా వణుకుతాయి. దెబ్బ తగిలినప్పుడు పాత్ర మినుకుమినుకుమనాలి కదా, ఒక బొమ్మలో కనబడి మరుసటి దానిలో మాయమవడం ద్వారా ఆ మినుకు తెప్పించేవారు. ఈ డబ్బా ద్వారా చూస్తే ఆ పాత్ర చారలు చారలుగా కనిపిస్తుంది, లేదా ఆ కాసేపు పూర్తిగా మాయమవుతుంది. ఆడేవాడికి ఇది నిజంగా ఇబ్బందే.

దీనికి తోడు, పసుపు పిన్నులో వెలుతురు, రంగు ఒకే తీగలో కలిసి వస్తాయి. వాటిని విడదీసేటప్పుడు రంగులు అంచులు దాటి పాకుతాయి. ఇది పసుపు పిన్నుకు పుట్టుకతో వచ్చిన గుణం, ఏ అడాప్టర్ మార్చినా పూర్తిగా పోదు. మీ యంత్రం ఎస్-వీడియో గానీ, కాంపోనెంట్ గానీ, ఆర్‌జీబీ గానీ (ఇవి సిగ్నల్‌ను విడివిడి తీగల్లో పంపే పద్ధతులు) ఇవ్వగలిగితే పసుపు పిన్నును వదిలేయడమే దీనికి మందు.

పీఎస్2కి వెనక నేరుగా గుచ్చే చిన్న అడాప్టర్ మంచిదేనా?

పీఎస్2కి చవకలో దొరికే మంచి దారి అదే. వెనక ఏవీ మల్టీ ఔట్‌లో గుచ్చే ఈ చిన్న ముక్క పసుపు సిగ్నల్‌ను ముట్టుకోదు, కాంపోనెంట్ సిగ్నల్‌ను తీసుకొని డిజిటల్‌గా మార్చి పంపుతుంది. రంగులు, అంచులు స్పష్టంగా తేడా తెలిసేలా మెరుగుపడతాయి.

పెట్టగానే బొమ్మ రాకపోయినా, రంగులు చెడిపోయి వచ్చినా కంగారు పడకండి, సెట్టింగ్ మార్చాలి. ముందు మామూలు పసుపు వైరుతో ఏదో ఒక టీవీకి కలిపి, డిస్క్ లేకుండా ఆన్ చేయండి. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి కాంపోనెంట్ వీడియో ఔట్ దగ్గర ‘ఆర్‌జీబీ’ ఉంటే దాన్ని తీసి ‘వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్’ అన్నది పెట్టండి. ఆపేసి, అప్పుడు అడాప్టర్ గుచ్చండి. దీనికి కరెంటు విడిగా యూఎస్‌బీ వైరుతో ఇవ్వాలి, పీఎస్2 ముందున్న యూఎస్‌బీ పోర్టే చాలు.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ ముక్క బొమ్మను పెంచదు. పీఎస్2 480ఐ ఇస్తే 480ఐ గానే టీవీకి పంపుతుంది, మిగతా పని టీవీదే. మంచి టీవీ దాన్ని చక్కగా చూపిస్తుంది. కొన్ని టీవీలు, ఇంకా ఎక్కువగా కంప్యూటర్ మానిటర్లు, హెచ్‌డీఎంఐలో 480ఐ వస్తే ‘సిగ్నల్ లేదు’ అనేస్తాయి. మానిటర్ మీద ఆడాలనుకుంటే ఈ అడాప్టర్‌ను నమ్ముకోకండి.

కొన్ని గేమ్‌లలో 480పీ, అంటే సగం సగంగా కాకుండా పూర్తి బొమ్మగా వచ్చే సిగ్నల్ ఉంటుంది. కొన్నింట్లో ఆప్షన్స్ మెనూలో ‘ప్రోగ్రెసివ్ స్కాన్’ అని దొరుకుతుంది, మరికొన్నింట్లో పీఎస్2 లోగో కనిపించేటప్పుడు త్రికోణం, ఎక్స్ బటన్లు కలిపి నొక్కి పట్టుకోవాలి. ఉన్నచోట తప్పక పెట్టుకోండి, వణుకు పూర్తిగా పోతుంది.

అదే అడాప్టర్ పీఎస్1కి పనిచేస్తుందా?

సాకెట్ సరిపోతుంది, బొమ్మ రాదు. పీఎస్1 నుంచి కాంపోనెంట్ సిగ్నల్ రాదు, అది ఇచ్చేది పసుపు, ఎస్-వీడియో, ఆర్‌జీబీ మాత్రమే. ఆర్‌జీబీకి మార్చుకునే స్విచ్ ఉన్న అడాప్టర్ అయితే పని జరుగుతుంది.

పీఎస్2లో పీఎస్1 డిస్కు పెట్టినా చిక్కే. ఆ గేమ్‌లలో చాలావరకు 240పీలో నడుస్తాయి, హెచ్‌డీఎంఐలో 240పీని చాలా టీవీలు ఒప్పుకోవు. పీఎస్2 మెనూ బాగా కనిపించి, పీఎస్1 గేమ్ మొదలవగానే తెర నల్లబడితే కారణం ఇదే. ఆ గేమ్‌లకు పసుపు వైరు, టీవీ ఏవీ సాకెట్టే దారి.

నింటెండో వీకి?

అన్నింటికంటే సులువైనది ఇది. ‘వీ టు హెచ్‌డీఎంఐ’ అడాప్టర్ యంత్రం నుంచే కరెంటు తీసుకుంటుంది, వేరే వైరు అక్కర్లేదు. గుచ్చిన తర్వాత వీ సెట్టింగ్స్, స్క్రీన్, టీవీ రిజల్యూషన్‌లోకి వెళ్లి ‘ఈడీటీవీ ఆర్ హెచ్‌డీటీవీ’ అన్న 480పీ ఎంచుకోండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే అడాప్టర్ కొన్నా తేడా తెలియలేదంటారు. అక్కడే వైడ్‌స్క్రీన్ సెట్టింగ్‌లో 16:9 పెట్టండి. వీ ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 480పీ. డబ్బా మీద 1080పీ అని ముద్రించి ఉన్నా ఆ గీత దాటి వివరం రాదు.

మీడియా, సమురాయ్‌లాంటి క్యాసెట్ గేమ్‌లు?

వీటిలో చాలావాటికి పక్కనో వెనకో పసుపు వీడియో సాకెట్, ఆడియోకి ఒకే ఒక్క సాకెట్ ఉంటాయి. ఆడియో ఒక్కటే కాబట్టి తెలుపులో పెట్టండి. శబ్దం ఒక పక్క స్పీకర్‌లోనే వస్తే ఒకటి రెండుగా చీలే వై పిన్ను తెచ్చి తెలుపు, ఎరుపు రెండింటికీ ఇవ్వండి.

యాంటెన్నా వైరు మాత్రమే ఉన్న పెట్టె అయితే, టీవీలో అనలాగ్ ట్యూనర్ ఉందేమో చూడండి. గేమ్ ఆన్ చేసి ఉంచి, అనలాగ్ చానళ్ల సెర్చ్ పెడితే గేమ్ కూడా ఒక చానల్‌లా దొరుకుతుంది. అనలాగ్ ట్యూనర్ లేకపోతే, పనిచేసే పాత వీసీఆర్ ఉంటే యాంటెన్నా వైరు దానికిచ్చి, దాని ఏవీ ఔట్‌ను టీవీకో అడాప్టర్‌కో కలపొచ్చు.

క్యాసెట్ పెట్టాక బూడిద రంగు తెరో, గళ్లు గళ్లుగానో వస్తే అది వీడియో అడాప్టర్ సమస్య కాదు, క్యాసెట్ పిన్నులకు తుప్పు. నోటితో ఊదకండి, ఊపిరిలోని తేమ తుప్పును పెంచుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూది పుల్లతో రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి.

బాతుల ఆట తుపాకీ పనిచేయడం లేదు.

పనిచేయదు, ఏ అడాప్టర్ పెట్టినా పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. ఆ మెరుపును తుపాకీలోని సెన్సర్ ఆ క్షణంలోనే పట్టుకోవాలి. ఎల్‌ఈడీ తెర ఆలస్యంగా చూపిస్తుంది, పిక్చర్ ట్యూబులా గీత వెంట గీత వేగంగా వెలిగించదు కూడా. తుపాకీ ఆటల కోసం ఒక పాత టీవీని ఉంచుకోవడమే మార్గం.

రంగులు రావడం లేదు, అంతా నలుపు తెలుపే.

పిన్ను ఆకుపచ్చ సాకెట్‌లో ఉండి సోర్స్ కాంపోనెంట్‌లో ఉందేమో ముందు చూడండి. అది కాకపోతే పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా. మన దేశ అనలాగ్ టీవీ పద్ధతి పాల్, 50 హెర్ట్జ్, రంగు సిగ్నల్ 4.43 మెగాహెర్ట్జ్ మీద. అమెరికా, జపాన్ యంత్రాలు ఎన్‌టీఎస్‌సీ, 60 హెర్ట్జ్, 3.58 మెగాహెర్ట్జ్. టీవీ పిక్చర్ మెనూలో ‘కలర్ సిస్టమ్’ ఆటోలో ఉంచండి, కుదరకపోతే ఒక్కొక్కటే మార్చి చూడండి. పాల్ పీఎస్1లో ఎన్‌టీఎస్‌సీ డిస్కు నడిపితే రంగు సిగ్నల్ రెండింటికీ చెందకుండా వస్తుంది, పసుపు వైరులో నలుపు తెలుపే కనిపిస్తుంది. ఆర్‌జీబీలో ఈ గొడవే ఉండదు.

మారియో పొట్టిగా, లావుగా కనిపిస్తున్నాడు.

4:3 బొమ్మను 16:9కి సాగదీశారు. టీవీలో పిక్చర్ సైజును 4:3 చేయండి. హెచ్‌డీఎంఐలో ఆ ఆప్షన్ ఎంచుకోనివ్వని టీవీలు ఉన్నాయి. వాటికి 4:3 స్విచ్ ఉన్న అడాప్టర్ తీసుకోవాలి, మామూలు చవక డబ్బాలకు ఆ స్విచ్ ఉండదు.

బటన్ నొక్కిన తర్వాత కాస్త ఆగి దూకుతున్నాడు. ఎందుకు?

ఆలస్యం రెండు చోట్ల చేరుతుంది. బొమ్మను కలిపి పెంచడానికి అడాప్టర్ కొంత ఆపుతుంది, రంగులు దిద్దడానికి, కదలికలు నునుపు చేయడానికి టీవీ ఇంకొంత ఆపుతుంది. 60 హెర్ట్జ్‌లో ఒక బొమ్మ అంటే 16.7 మిల్లీసెకన్లు, 50 హెర్ట్జ్‌లో 20. నాలుగైదు బొమ్మలు వెనకబడితే చేతికి తెలిసిపోతుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, ఎక్కువ భాగం అక్కడే తగ్గుతుంది. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆపేయండి. గేమ్ మోడ్ ఒక్కో సోర్స్‌కు విడిగా పెట్టాల్సిన టీవీలు ఉంటాయి, మీరు వాడే హెచ్‌డీఎంఐలోనే పెట్టారో లేదో చూసుకోండి.

మిగతా యంత్రాల సంగతి?

సెగా డ్రీమ్‌కాస్ట్ అదృష్టవంతురాలు, చాలా గేమ్‌లకు వీజీఏ (పాత కంప్యూటర్ మానిటర్ల సాకెట్) ద్వారా 480పీ ఇస్తుంది. దాని హెచ్‌డీఎంఐ వైర్లు ఆ దారినే వాడుకుంటాయి. ఎన్64 (నింటెండో 64), సూపర్ నింటెండోలకు అమ్మే చవక హెచ్‌డీఎంఐ వైర్లలో పసుపు సిగ్నలో ఎస్-వీడియోనో తప్ప మరొకటి ఉండదు, పైన చెప్పిన 240పీ గోల అలాగే ఉంటుంది. మొదటి ఎక్స్‌బాక్స్ అమెరికా యంత్రమైతే కాంపోనెంట్‌లో 480పీ, కొన్ని గేమ్‌లలో 720పీ ఇస్తుంది. పాల్ యంత్రంలో ఆ ఆప్షన్లు తీసేశారు. ఎక్స్‌బాక్స్ 360 తొలి యంత్రాలకు హెచ్‌డీఎంఐ లేదు, వాటికి కాంపోనెంట్ లేదా వీజీఏ వైరు వాడాలి. పీఎస్3కి మొదటి నుంచీ హెచ్‌డీఎంఐ ఉంది, దానికి అడాప్టర్ కొనకండి.

అమెరికా నుంచి మా అన్నయ్య తెచ్చిన యంత్రం ఇక్కడ పెట్టొచ్చా?

వీడియో కంటే ముందు కరెంటు చూడండి. యంత్రంతో వచ్చిన కరెంటు అడాప్టర్ మీద ‘ఇన్‌పుట్’ దగ్గర 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు పెట్టగానే కాలిపోతుంది. అమెరికా సూపర్ నింటెండో, ఎన్64, గేమ్‌క్యూబ్, వీలతో వచ్చేవి ఇలాంటివే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, లేదా అదే వోల్టేజీ ఇచ్చే ఇక్కడి అడాప్టర్ తీసుకోండి.

ఇక్కడి అడాప్టర్ కొనేటప్పుడు ప్లస్, మైనస్ స్థానం తప్పకుండా చూడండి. మొదటి మెగా డ్రైవ్‌కు 9 వోల్టులు, పిన్ను మధ్యలో మైనస్. రెండో మోడల్‌కు 10 వోల్టులు, మధ్యలో ప్లస్. మొబైల్ షాపులో దొరికే రకరకాల అడాప్టర్లు ఎక్కువగా మధ్యలో ప్లస్‌వే. తిప్పి పెడితే యంత్రమే పోవచ్చు. అమెరికా ఎన్‌ఈఎస్ (అక్కడ అమ్మిన ఫామికామ్)కు మాత్రం 9 వోల్టుల ఏసీ అడాప్టర్ వచ్చేది.

కొంచెం సోల్డరింగ్ వచ్చు. చవకలో ఇంతకంటే మంచి దారి ఉందా?

ఉంది, జీబీఎస్-కంట్రోల్. ఆర్కేడ్ యంత్రాల కోసం అమ్మే జీబీఎస్-8200 బోర్డు మీద మంచి స్కేలర్ (బొమ్మను పెంచే) చిప్ ఉంది గానీ, దాన్ని నడిపే ప్రోగ్రామ్ బాగుండదు. ఆ ప్రోగ్రామ్ స్థానంలో ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు పెట్టి, ఉచితంగా దొరికే జీబీఎస్-కంట్రోల్ ఫర్మ్‌వేర్‌తో నడపడమే కిటుకు. అప్పుడది 240పీని 240పీగానే గుర్తిస్తుంది.

కావలసినవి: జీబీఎస్-8200, ఈఎస్‌పీ8266 ఉన్న డీ1 మినీ లేదా నోడ్‌ఎంసీయూ, 5 వోల్టుల మంచి అడాప్టర్, నాలుగు సన్నని తీగలు, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్. పీ8 దగ్గరి రెండు పిన్నులను జంపర్‌తో కలిపితే బోర్డులోని పాత కంట్రోలర్ నిద్రపోతుంది. తర్వాత ఎస్‌సీఎల్‌ను డీ1కి, ఎస్‌డీఏను డీ2కి, డీబగ్ పాయింట్‌ను డీ6కి, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు కలపాలి. డీబగ్ పాయింట్ చాలా చిన్నది, అక్కడే చేయి వణకకూడదు. ఆన్ చేశాక ఫోన్ వైఫై ద్వారా సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. ఎస్‌ఐ5351 అనే చిన్న క్లాక్ బోర్డు కూడా చేరిస్తే బొమ్మ నిలకడ ఇంకా మెరుగవుతుంది, అది మొదటిరోజే అక్కర్లేదు.

దీనికి పసుపు పిన్ను పనికిరాదు, కాంపోనెంట్ గానీ ఆర్‌జీబీ గానీ ఇవ్వాలి. పీఎస్2 కాంపోనెంట్ వైరుతో మొదలుపెట్టడం అన్నింటికంటే తేలిక. శబ్దం ఈ బోర్డు గుండా వెళ్లదు, ఆడియో సాకెట్ ఉన్న వీజీఏ అడాప్టర్ తీసుకోండి, లేదా స్పీకర్లకు నేరుగా ఇవ్వండి.

పాత గేమ్‌ల సిగ్నల్‌ను కొత్త టీవీలకు మార్చే రెట్రోటింక్, ఓఎస్ఎస్‌సీ పెట్టెలను అంత ఖరీదు పెట్టి కొనాలా?

వారానికి ఒకసారి పిల్లలతో ఆడేవారికి అవసరం లేదు. నాలుగైదు యంత్రాలు ఉండి రోజూ ఆడేవారికి మాత్రం అవి నిజంగా తేడా చూపిస్తాయి. ఓఎస్ఎస్‌సీ ఒక్కో గీతను రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లు చేసి వెంటనే పంపుతుంది, ఆలస్యం చేరదు. కానీ పసుపు పిన్ను, ఎస్-వీడియో తీసుకోదు, దాని సిగ్నల్‌ను అన్ని టీవీలూ ఒప్పుకోవు. పసుపు పిన్ను మాత్రమే ఉన్న యంత్రాలకు రెట్రోటింక్ రకాలు నయం. 2023లో వచ్చినప్పుడు రెట్రోటింక్-4కే ధర 750 డాలర్లు, తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం అదనం. మన దగ్గర చాలామందికి టీవీ ధరే అంతకంటే తక్కువ.

బాగానే వస్తున్న బొమ్మ మధ్యమధ్యలో పోయి వస్తోంది.

మొదట కరెంటును అనుమానించండి. టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి తీసుకుంటుంటే, దాన్ని తీసి 5 వోల్టులు, 1 ఆంపియర్ ఫోన్ చార్జర్‌కు పెట్టండి. తర్వాత యూఎస్‌బీ వైరు మార్చండి, అడాప్టర్‌తో వచ్చే సన్న వైర్లలో వోల్టేజీ పడిపోతుంది. అప్పటికీ పోతుంటే చిన్న హెచ్‌డీఎంఐ వైరుతో, టీవీలో ఇంకో పోర్టులో ప్రయత్నించండి. డబ్బా గోరువెచ్చగా ఉండటం మామూలే. వేలు ఆనించలేనంత వేడెక్కుతుంటే మాత్రం వెంటనే తీసేసి, వాపసు గడువు దాటకముందే తిప్పి పంపించండి.